స్లీవ్, బైపాస్ తర్వాత తిండి, తేరుకోవడం: ప్రాజెక్టు డైరీ

పరిధి

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు రెండు వారాల ముందు మొదలుపెట్టి ఏడాది దాకా ఏం తాగాలి, ఏం తినాలి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఈ డైరీలో దశలవారీగా రాశాం. లెక్కలన్నీ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీని (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే శస్త్రచికిత్స) దృష్టిలో పెట్టుకుని వేసినవి. రూ-ఎన్-వై బైపాస్‌లో (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగుకు నేరుగా కలిపే శస్త్రచికిత్స) తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పాం. ఒక్కో కేంద్రం దశల్ని ఒక్కోలా విడగొడుతుంది, కాబట్టి మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో తేదీలు వేరుగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి. వరస మాత్రం ఎక్కడైనా ఒకటే: ముందు నీళ్లు, తర్వాత ప్రొటీన్, మిగతావన్నీ ఆ తర్వాత.

తిండి మారే ప్రతి దశ చివరా ‘దాటొచ్చు’ అని ఒక గుర్తు పెట్టాం. వారం గడిచింది కదా అని ముందుకు వెళ్లడం వల్లే సగం తిప్పలు వస్తాయి. గుర్తులో రాసింది కుదిరాకే తర్వాతి దశ.

లోపల ఏం మారింది

స్లీవ్‌లో జీర్ణాశయం బయటి వంపు వెంబడి స్టేపుల్ చేసి 75–80 శాతం తీసేస్తారు. మిగిలే గొట్టం ఎంత సన్నగా ఉండాలో లోపల పెట్టే బౌజీ అనే కొలత గొట్టాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువగా వాడేవి 32–40 ఫ్రెంచ్ (గొట్టాల మందం కొలిచే ప్రమాణం). 3 ఫ్రెంచ్ అంటే ఒక మిల్లీమీటరు, అంటే 36 ఫ్రెంచ్ బౌజీ మందం 12 మి.మీ. కుదురుకున్నాక ఆ గొట్టంలో 100–150 మి.లీ. పడుతుంది. తొలి వారాల్లో వాపు వల్ల ఆ జాగా కూడా ఉండదు. అడుగున పైలోరస్ కవాటం ఎప్పట్లాగే పనిచేస్తుంది కనుక లోపల ఒత్తిడి ఎక్కువ. గబుక్కున మింగిన గుక్క దిగకుండా పైకి ఎగదన్నేది అందుకే.

ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఫండస్ అనే పైభాగంలో. తీసేసిన ముక్కతోపాటు అదీ పోతుంది. అందుకని తొలి నెలల్లో చాలామందికి ఆకలి తెలియదు, నీళ్లు తాగాలనీ అనిపించదు. ఒంటి మాట వినడం మంచి సలహానే, కానీ ఈ దశలో కాదు. ఇప్పుడు గడియారం చూసి తాగాలి, గడియారం చూసి తినాలి.

బైపాస్‌లో మిగిలే సంచి ఇంకా చిన్నది, దాదాపు 30 మి.లీ. తిండి చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినాన్ని, దాని తర్వాతి కొంత భాగాన్ని తాకకుండా నేరుగా కిందికి వెళ్లిపోతుంది. ఇనుము, కాల్షియం ముఖ్యంగా ఒంటబట్టేది అక్కడే. బైపాస్‌లో మాత్రల లెక్క గట్టిగా ఉండటానికి కారణం ఇదే.

ముందు రెండు వారాలు: కాలేయం కుదించే డైట్

కాలేయపు ఎడమ తమ్మె జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. కొవ్వు, గ్లైకోజెన్ (కాలేయంలో నిల్వ ఉండే చక్కెర రూపం) పట్టి ఉబ్బిన కాలేయాన్ని పక్కకు ఎత్తి పట్టుకోవడం కష్టం, చిరిగి రక్తం కారే ప్రమాదం కూడా ఉంది. రోజుకు 800–1,200 క్యాలరీలు, తక్కువ పిండిపదార్థం, 60–80 గ్రా. ప్రొటీన్‌తో రెండు వారాలు నడిపితే గ్లైకోజెన్, దానితో అంటిపెట్టుకున్న నీరు దిగిపోయి కాలేయం మెత్తబడుతుంది. మొదటి వారంలో తూకం దబాలున పడేది కూడా ఎక్కువగా ఈ నీటి బరువే. దాన్ని కొవ్వు కింద లెక్కేసుకుంటే తర్వాత నిరాశ తప్పదు.

ఇక్కడ గట్టిగా పట్టించుకోవాల్సింది మందుల్ని. తిండి సగానికి పడిపోయాక ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మందులు పాత మోతాదులోనే సాగిస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు శస్త్రచికిత్సకు కనీసం 3 రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ అయితే 4 రోజుల ముందు ఆపాలి. లేదంటే రక్తంలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పేరుకోవడం) వచ్చే ముప్పు ఉంది. తక్కువ క్యాలరీల డైట్ ఆ ముప్పును ఇంకా పెంచుతుంది కాబట్టి డైట్ మొదలైన రోజే ఆపమనే కేంద్రాలూ ఉన్నాయి. ఏది ఎప్పుడు ఆపాలో మందు రాసిన డాక్టరుతో తేల్చుకుని కాగితం మీద పెట్టుకోవాలి. నోటిమాట సరిపోదు.

సామాన్లు: 30 మి.లీ. గీతలున్న చిన్న కప్పులు, ఒక గ్రాము తేడా చూపే తూకం, బ్లెండర్, సన్న జల్లెడ, చిన్న చెంచాలు, మాత్రలు నూరే కల్వం. ప్రొటీన్ పొడి పెద్ద డబ్బాలు ముందే కొని పెట్టుకోవద్దు. శస్త్రచికిత్స తర్వాత రుచీ వాసనా మారిపోతాయి. ముందు ఇష్టంగా తాగిన ఫ్లేవరే వారం తిరిగేసరికి డోకు తెప్పించవచ్చు. విడి ప్యాకెట్లు రెండు మూడు రకాలవి, అందులో ఒకటి ఏ ఫ్లేవరూ లేనిది ఉంచుకుంటే చాలు.

సిగరెట్ మానడం, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), బి12, విటమిన్ డి, ఫోలేట్ పరీక్షలు చేయించడం కూడా ఈ దశలోనే అయిపోవాలి. మొదట్లోనే తక్కువగా ఉన్న విటమిన్ డి తర్వాత దానంతటదే పెరగదు.

దాటొచ్చు: మందుల మార్పులు రాసి ఉన్న కాగితం చేతికి వచ్చింది, పరీక్షల ఫలితాలు అందాయి.

మొదటి రెండు రోజులు: నీళ్ల లెక్క

15 నిమిషాలకు 30 మి.లీ. అంటే గంటకు 120 మి.లీ. రోజుకు కనీస లక్ష్యం 1.5 లీటర్లు. అంటే పన్నెండున్నర గంటలు ఒక్క కప్పు కూడా తప్పకుండా తాగాలి. కాగితం మీద ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. మధ్యలో రెండు గంటలు కునుకు తీస్తే 240 మి.లీ. పోయినట్టే, సాయంత్రం రెట్టింపు తాగి దాన్ని పూడ్చుకునే వీలు లేదు. అందుకే మెలకువ వచ్చిన వెంటనే మొదలుపెట్టాలి. ఎంత మిగిలిందన్నది మధ్యాహ్నానికల్లా తెలియాలి. మా లెక్కలో, లేచిన ఆరు గంటలకు 700 మి.లీ. దాటకపోతే ఆ రోజు లక్ష్యం అందదు. మొదటి రెండు రోజులూ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటుంది కాబట్టి కొంత తక్కువైనా ఫర్వాలేదు. సెలైన్ తీసేసి ఇంటికి పంపాకే అసలు పరీక్ష.

కప్పు ఒక్కసారిగా ఎత్తి తాగకూడదు. 30 మి.లీ.ని నాలుగైదు గుక్కలుగా చేసుకుని, ఒక్కో గుక్కను నోట్లో కాసేపు ఉంచి మింగాలి. చల్లటి నీళ్లు పడకపోతే గోరువెచ్చగా ప్రయత్నించండి, అవీ పడకపోతే మంచుముక్క చప్పరించండి. వట్టి నీళ్లు బరువుగా అనిపించడం చాలామందికి ఉంటుంది. చక్కెర లేని పల్చటి డికాక్షన్, వడగట్టిన సూప్, ఉప్పూ ఖనిజాలూ ఉండి చక్కెర లేని పానీయాలు కూడా లెక్కలోకి వస్తాయి. సోడా, కూల్‌డ్రింక్ వద్దు. స్ట్రా వాడితే గాలి లోపలికి పోతుందంటారు. దానికి గట్టి రుజువు లేదు గానీ, స్ట్రాతో గుక్క పెద్దదైపోవడం నిజం, ఈ వారాల్లో పక్కన పెట్టడమే మేలు.

ల్యాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే శస్త్రచికిత్స) పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ మిగిలి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్‌ను రాపిడి చేస్తే భుజంలో నొప్పి తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. తగ్గకుండా పెరుగుతూ ఉండే ఎడమ భుజం నొప్పిని మాత్రం గ్యాస్ కింద కొట్టిపారేయకూడదు, ముఖ్యంగా గుండె వేగం పెరిగితే. పడుకుని ఉండగా నాడి నిమిషానికి 120 దాటడం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, ఆయాసం, పొట్టనొప్పి పెరుగుతూ పోవడం, ఏదో కీడు జరగబోతోందన్న ఆందోళన: వీటిలో ఏది కనిపించినా స్టేపుల్ గీత దగ్గర లీకేమోనని చూడాలి. స్లీవ్‌లో లీకు ఎక్కువగా అన్నవాహిక కలిసే చోట, గొట్టం పైకొసలో వస్తుంది. ఇంటికి వెళ్లాక కూడా, వారాల తర్వాత కూడా రావచ్చు. పొట్ట గట్టిపడటం, బాగా నొప్పి రావడం లాంటి ఆనవాళ్లు భారీకాయుల్లో ఆలస్యంగా బయటపడతాయి. అందుకే నాడిని ఎక్కువ నమ్మాలి. పిక్కలో వాపు, నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి లేచి నడవమనేది అది రాకుండా ఉండటానికే.

దాటొచ్చు: వాంతి లేకుండా గంటకు 120 మి.లీ. పడుతోంది, మూత్రం లేత రంగులో వస్తోంది.

రెండో వారం చివరిదాకా: ద్రవాలు, ప్రొటీన్

రోజుకు 60–80 గ్రా. ప్రొటీన్ కావాలి. కోతలు మానడానికీ, కొవ్వుతోపాటు కండ కరిగిపోకుండా ఉండటానికీ ఇది అవసరం. ఒక రోజు లెక్క ఇలా కుదురుతుంది. 200 మి.లీ. వెన్న తీసిన పాలలో దాదాపు 7 గ్రా., అందులో 25 గ్రా. వే ఐసొలేట్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) కలిపితే ఇంకో 20 గ్రా. పైచిలుకు. అలాంటి షేకులు రెండు తాగితే 54 గ్రా. వడగట్టిన సూప్ 150 మి.లీ.లో 12 గ్రా. ఫ్లేవర్ లేని పొడి కలిపితే మరో 10 గ్రా. మొత్తం 64. ఈ మూడింటి ద్రవమే 550 మి.లీ. అయింది, ఇక నీళ్లు 950 మి.లీ. తాగితే 1.5 లీటర్లు నిండుతుంది. షేకు ఒక్కోటి పూర్తవడానికి ముప్పావు గంట, గంట పడుతుంది. ఆ సమయంలో నీళ్లు తాగలేరు కనుక షేకులకు కేటాయించిన గంటలు పోను మిగిలిన వాటిలో నీళ్లు సర్దుకోవాలి.

రెండూ కుదరని రోజు ఏది వదలాలి? ప్రొటీన్. ఒకరోజు 40 గ్రాముల దగ్గర ఆగితే కొంప మునగదు. ఒకరోజు 500 మి.లీ. దగ్గర ఆగితే మర్నాడు కళ్లు తిరుగుతాయి, డోకు వస్తుంది, డోకు వల్ల ఇంకా తాగలేరు. తొలి నెలలో మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి. నిలబడితే కళ్లు తిరగడం, నోరు పిడచకట్టడం, మూత్రం ముదురు రంగులో రావడం, రోజులో రెండు మూడుసార్లకు మించి రాకపోవడం గుర్తులు. బీపీ మాత్రలు పాత మోతాదులోనే సాగుతుంటే, అందులో మూత్రం పోయించేవి ఉంటే, ఇది ఇంకా త్వరగా వస్తుంది. బీపీ రోజూ చూసుకుని రాసిపెట్టాలి.

పొడి కలిపే పద్ధతి చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ షేకు పడేయడానికి సగం కారణం అదే. వేడి సూప్‌లో వే పొడి నేరుగా చల్లితే 70 డిగ్రీల పైన ప్రొటీన్ గడ్డకట్టి ఉండలవుతుంది, గొట్టంలో ఆ ఉండలు దిగవు. ముందు 12 గ్రా. పొడిని రెండు చెంచాల చల్లటి నీళ్లలో ముద్దలా కలపాలి. సూప్‌ను 60 డిగ్రీల లోపుకు, అంటే పెదవికి తగిలిస్తే కాలకుండా తాగగలిగేంత వేడికి దించాలి. ఆ ముద్దలో సూప్ కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, చివర జల్లెడ పట్టాలి. కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. చల్లటి షేకును బ్లెండర్‌లో గిర్రున తిప్పితే నురగ వస్తుంది, నురగంటే గాలి, గాలంటే ఉబ్బరం, తేనుపు. పావుగంట పక్కన పెట్టి పైనురగ తీసేసి తాగాలి. లేకపోతే చేత్తోనే కలపాలి.

కొల్లాజెన్ పొడి తేలిగ్గా కరుగుతుంది, రుచి ఉండదు కాబట్టి మంచి ఎంపికలా కనిపిస్తుంది. కానీ అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు. దాన్ని 60 గ్రాముల లెక్కలో కలపకండి. పాలతో పొట్ట ఉబ్బి విరేచనాలైతే పాలలోని చక్కెర, అంటే లాక్టోస్, పడటం లేదని అర్థం. లాక్టోస్ తీసిన పాలు, వే కాన్సన్‌ట్రేట్ బదులు ఐసొలేట్, లేదా సోయా. ఇవి మారిస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

దాటొచ్చు: వరసగా మూడు రోజులు 1.5 లీటర్లు, 60 గ్రాములు రెండూ అందాయి, జ్వరం లేదు, నాడి నెమ్మదిగా ఉంది, సర్జన్ సరేనన్నారు. ఈ చివరిది లేకుండా మెత్తటి తిండికి వెళ్లొద్దు. స్టేపుల్ గీత ఇంకా మానుతూ ఉంటుంది.

మూడు, నాలుగు వారాలు: మెత్తగా మెదిపింది

ముద్ద ఎలా ఉండాలంటే, చెంచా వంచితే మెల్లగా జారాలి. నీళ్లలా కారకూడదు, చెంచాకు అంటుకుని నిలబడకూడదు. జల్లెడలో నొక్కితే పీచు, పొట్టు, గింజ ఏదీ పైన మిగలకూడదు. పూటకు 60 మి.లీ.తో మొదలు, అంటే నాలుగు పెద్ద చెంచాలు. 20–30 నిమిషాలు పడుతుంది. రోజుకు నాలుగైదు పూటలు.

మెదిపేటప్పుడు పల్చన చేయడానికి వట్టి నీళ్లు పోయడం ఎక్కువగా జరిగే పొరపాటు. 60 గ్రా. వండిన కోడిమాంసంలో దాదాపు 18 గ్రా. ప్రొటీన్. దాన్ని 60 మి.లీ. నీళ్లతో మెదిపితే ముద్ద 120 అవుతుంది. తినగలిగేది సగమే కాబట్టి అందేది 9 గ్రా. మాత్రమే. నీళ్ల బదులు పాలు, వడగట్టిన చిక్కటి పెరుగు, పొడి కలిపిన సూప్ వాడాలి. వడగట్టిన పెరుగులో 100 గ్రాములకు 9–10 గ్రా., వండిన చేపలో 20 గ్రా. పైన, గుడ్డు ఒక్కోటిలో 6 గ్రా., ఉడికించి మెదిపిన పప్పుధాన్యాల్లో 9 గ్రా. అటూ ఇటూ. ఈ దశలో షేకు పూర్తిగా మానేస్తే 60 దగ్గరికి రావడం కుదరదు. రోజుకు ఒకటైనా ఉండాలి.

కడుపు నిండిందన్నది ఇదివరకటిలా పొట్టలో తెలియదు. రొమ్ము ఎముక కింద ఒత్తిడి, ఎక్కిళ్లు, తుమ్ము, ముక్కు కారడం, నోట్లో ఉమ్ము ఊరడం వీటిలో ఏదో ఒకటి ముందు వస్తుంది. ఎవరికి ఏది వస్తుందో మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అది కనిపించగానే చెంచా కింద పెట్టేయాలి. ‘ఇంక ఒక్క ముద్దే కదా’ అన్నదే వాంతి తెస్తుంది.

నీళ్లు, తిండి వేరు చేయడం కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. తిన్నాక 30 నిమిషాల దాకా తాగొద్దు. తిండి మీద నీళ్లు పోస్తే ముద్ద త్వరగా కిందికి జారిపోయి కడుపు ఖాళీ అవుతుందని చాలాకాలంగా చెబుతున్నారు. అది అంతగా రుజువు కాలేదు. అయినా, ఇంత ఇరుకు జాగాలో తిండీ నీళ్లూ కలిసి పోటీపడితే నొప్పి, ఎగదన్నడం వస్తాయి, ఆ కారణం చాలు.

దాటొచ్చు: నాలుగు రకాల మెదిపిన వంటకాలు ఏ ఇబ్బందీ లేకుండా దిగాయి.

అయిదో వారం నుంచి ఎనిమిదో వారం: నమిలేది

ముందు చెంచాతో నొక్కితే విరిగిపోయేవి, తర్వాత నమిలేవి. కొత్త పదార్థం ఒకసారికి ఒక్కటే, పడిందో లేదో తెలియడానికి రెండు రోజులు. ముక్క చిన్నవేలి గోరంత ఉండాలి, 20 సార్లకు తక్కువ నమలకూడదు.

కోడిమాంసం దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. తప్పు మాంసానిది కాదు, తడి ఆరిపోవడానిది. రొమ్ము ముక్కను 75 డిగ్రీలు దాటించి ఉడికిస్తే పీచుగా బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి మైక్రోవేవ్‌లో మళ్లీ వేడి చేస్తే తడి మరింత పోతుంది. తాజాగా వండినప్పుడు దిగిన ముక్కే మర్నాడు దిగకపోవడానికి కారణం ఇది. తొడ మాంసం ఖీమా చేసి, రసంలో నెమ్మదిగా ఉడికించి, ఆ రసంతోనే తినాలి. మళ్లీ వేడి చేయాల్సొస్తే మూతపెట్టి ఆవిరి మీద. గుడ్డు కూడా అంతే: మెత్తగా కలియబెట్టి వండింది దిగుతుంది, గట్టిగా ఉడికిన పచ్చసొన అడ్డం పడుతుంది. మెత్తటి బ్రెడ్డు, అన్నం, పాస్తా నమిలాక జిగురు ముద్దై గొట్టం నోట్లో కూర్చుంటాయి. వీటికి తొందర లేదు, అన్నిటికన్నా చివర రావాలి. పీచు ఎక్కువున్న కాడలు, నారింజ తొనల పైపొర కూడా అంతే.

ఏదైనా ఇరుక్కుంటే ఛాతీలో నొప్పి, నోట్లో నురగలా ఉమ్ము. తినడం ఆపాలి. నీళ్లు పోసి తోసేద్దామనుకుంటే పైన ఇంకో పొర చేరి నొప్పి రెట్టింపవుతుంది. లేచి మెల్లగా నడవాలి, దిగనైనా దిగుతుంది, బయటికైనా వస్తుంది. ఆ తర్వాత ఒక పూట ద్రవాలే. ఇలా అప్పుడప్పుడు జరిగితే నమలడంలో లోపం. ఘనం దిగడం లేదు, కొన్ని రోజులకు మెత్తటిదీ దిగడం లేదు, చివరికి నీళ్లూ దిగడం లేదు అన్న వరసలో వస్తే దారి ఇరుకయిందని అనుమానించాలి. బైపాస్‌లో కలిపిన చోట, స్లీవ్‌లో గొట్టం వంపు తిరిగే చోట ఇది వస్తుంది. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు. 24 గంటలు ద్రవాలు కూడా నిలవకపోతే ఇంట్లో ఎదురుచూడొద్దు.

వరసగా వాంతులవుతుంటే థయమిన్ (విటమిన్ బి1) గురించి ఆలోచించాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. తికమక, చూపు రెండుగా కనిపించడం, కళ్లు అటూ ఇటూ అదరడం, నడక తూలడం కనిపిస్తే అది మెదడును దెబ్బతీస్తోందని అర్థం. ఆసుపత్రికి వెళ్లగానే శస్త్రచికిత్స సంగతి, వాంతుల సంగతి చెప్పి థయమిన్ అడగండి. థయమిన్ ఇవ్వకముందే గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది.

బరువులు ఎత్తడం ఈ దశ మధ్య దాకా 4–5 కిలోలకు మించొద్దు. నడకకు మాత్రం పరిమితి లేదు.

దాటొచ్చు: మామూలు తిండి, చిన్న ముక్కలు, నెమ్మదిగా. షేకు లేకుండానే 60 గ్రాములు అందుతున్నాయి.

మాత్రల పట్టిక

ఇది జీవితాంతం నడిచేది. అందరూ మొదటి ఏడాది శ్రద్ధగా వేసుకుంటారు, రెండో ఏడు నుంచి జారవిడుస్తారు. బి12 నిల్వలు మెల్లగా తరుగుతాయి కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత చాలా తర్వాత వస్తాయి.

రోజువారీ మోతాదులు: బి12 నోటి ద్వారా 350–1,000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. థయమిన్ కనీసం 12 మి.గ్రా., వీలైతే బి-కాంప్లెక్స్ నుంచి 50. ఫోలేట్ 400–800 మైక్రోగ్రాములు, పిల్లల్ని కనే వయసు స్త్రీలకు 800–1,000. ఇనుము పురుషులకు 18 మి.గ్రా., నెలసరి వచ్చే స్త్రీలకూ బైపాస్ వాళ్లకూ 45–60. విటమిన్ డి3 3,000 ఐయూ, రక్తంలో మి.లీ.కు 30 నానోగ్రాములు దాటేదాకా. కాల్షియం తిండితో కలిపి 1,200–1,500 మి.గ్రా.

కాల్షియం డబ్బా మీద అంకె జాగ్రత్తగా చదవాలి. కాల్షియం సిట్రేట్‌లో అసలు కాల్షియం 21 శాతమే. ‘1,000 మి.గ్రా. కాల్షియం సిట్రేట్’ అని రాసుంటే మీకందేది 210. కార్బొనేట్‌లో 40 శాతం ఉంటుంది గానీ అది ఒంటబట్టాలంటే ఆమ్లం కావాలి. ఇప్పుడు ఆమ్లం తక్కువ, పైగా ఆమ్లం తగ్గించే మాత్ర కూడా వేసుకుంటున్నారు. సిట్రేటే మేలు. ఒక్కసారికి 500–600 మి.గ్రా.కు మించి పేగు పీల్చుకోలేదు, ఇనుముతో కలిపితే రెండూ దండగ. కాబట్టి రోజు ఇలా:

- ఉదయం 7: ఇనుమున్న మల్టీవిటమిన్, బి12. పాలు, టీ, కాఫీ దీనికి దూరంగా
- 11, 3, రాత్రి 7: కాల్షియం సిట్రేట్, విడతకు అసలు కాల్షియం 400–500
- పడుకునే ముందు: అదనపు ఇనుము రాసి ఉంటే

థైరాయిడ్ మాత్ర ఉంటే అది పరగడుపున, కాల్షియానికీ ఇనుముకూ నాలుగు గంటల ఎడంగా. అప్పుడు ఉదయం మల్టీవిటమిన్ మధ్యాహ్నానికి, కాల్షియం విడతలు దానికి రెండు గంటల అవతలికి జరుగుతాయి.

తొలి వారాల్లో పెద్ద మాత్రలు నూరి వేసుకోవాలి. కానీ మెల్లగా విడుదలయ్యే మాత్రలు నూరకూడదు. మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. వాటికి బదులు మామూలు రకం రాయించుకోండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు బైపాస్ వాళ్లు శాశ్వతంగా మానాలి. కలిపిన చోట పుండు పడుతుంది, సిగరెట్ తోడైతే ఇంకా తప్పదు. పారాసిటమాల్ వాడొచ్చు. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, అందుకని పిత్తాశయం ఉన్నవాళ్లకు ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం రోజుకు 500–600 మి.గ్రా. రాస్తారు.

రెండో నెల నుంచి ఆరో నెల

తూకం ఆగడం: మూడో వారం, ఆరో వారం మధ్య చాలామందికి తూకం కదలదు. ముందు పోయిన గ్లైకోజెన్, నీరు కొంత తిరిగి చేరుతుండగా కొవ్వు తరుగుతూనే ఉంటుంది, ఒకదానికొకటి సరిపోతాయి. తిండి తగ్గించకండి. నడుము చుట్టుకొలత వారానికోసారి రాసుకుంటే ఆ రోజుల్లో అదే ధైర్యం.

జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల దాకా కుచ్చులుగా రాలుతుంది. శస్త్రచికిత్స, వేగంగా బరువు తగ్గడం దెబ్బకు వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశకు వెళ్తాయి, కొన్ని నెలల తర్వాత రాలతాయి, మళ్లీ వస్తాయి. బయోటిన్ డబ్బాలకు డబ్బు పోయొద్దు. ఆరు నెలలు దాటినా రాలుతుంటే ఫెర్రిటిన్, జింక్, ప్రొటీన్ లెక్క చూడాలి. జింక్ ఎక్కువ మోతాదులో వాడితే రాగి తగ్గిపోతుంది, 8–15 మి.గ్రా. జింక్‌కు 1 మి.గ్రా. రాగి చొప్పున ఉండాలి.

మలబద్ధకానికి కారణాలు మూడు: తిండి పరిమాణం, నీళ్లు, ఇనుము. నీళ్లు తగినంత లేకుండా పీచు పొడి వేస్తే ఇంకా గట్టిపడుతుంది. ముందు నీళ్లు సరిచేయాలి, తర్వాత అవసరమైతే మెత్తబరిచే మందు.

డంపింగ్, అంటే తిన్నది పేగులోకి మరీ త్వరగా దిగి వచ్చే ఇబ్బంది, బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ ఉంటుంది. తీపి తిన్న అరగంట లోపు పొట్టలో మెలిపెట్టడం, గుండె దడ, చెమట, విరేచనం వస్తే మొదటి రకం. చిక్కటి తీపి పేగులోకి దూకి నీటిని లాగడం వల్ల. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వణుకు, చెమట, మగత వస్తే అది ఇన్సులిన్ ఎగదన్ని షుగర్ పడిపోవడం. రెండోదానికి చక్కెర తిని ఊరుకుంటే మళ్లీ అదే చక్రం మొదలవుతుంది. కొద్ది చక్కెరతో లేపి, వెంటనే ప్రొటీన్ తినాలి. పిండిపదార్థాన్ని ఒంటరిగా తినకపోవడమే నివారణ.

ఆరో నెల తర్వాత

గొట్టం కాస్త సర్దుకుంటుంది, పూటకు ఒక కప్పు దాకా పడుతుంది, ఆకలి కొంత తిరిగొస్తుంది. ఇక్కడ బరువు తిరిగి పెరిగేది పెద్ద భోజనాలతో కాదు. రోజంతా కొద్దికొద్దిగా నోట్లో వేసుకునే చిరుతిళ్లతో, కరిగి జారిపోయే తీపి ద్రవాలతో. ఇరుకు గొట్టం వీటిని ఆపదు. పళ్లెంలో ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, జాగా మిగిలితే పిండిపదార్థం. స్లీవ్ తర్వాత ఏడాది, రెండేళ్లలో మొత్తం బరువులో సగటున పాతిక శాతం, బైపాస్ తర్వాత 30 శాతం దాకా తగ్గుతుంది. ఈ అంకె ఆశలకు ముకుతాడు వేయడానికి పనికొస్తుంది.

బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. మునుపటి గ్లాసు లెక్క చెల్లదు, బండి నడిపేవాళ్లకు ఇది ముఖ్యం. గర్భం 12–18 నెలలు వాయిదా వేయాలి. బరువు తగ్గగానే సంతానయోగ్యత పెరగడం మామూలే. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా ఒంటబట్టకపోవచ్చు, కాబట్టి వేరే పద్ధతి ముందే మాట్లాడుకోవాలి.

రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆపై ఏటా: రక్తకణాల లెక్క, ఫెర్రిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, కాలేయం, మూత్రపిండాలు. బైపాస్ అయితే విటమిన్ ఎ, జింక్, రాగి కూడా. కాల్షియం మామూలుగా ఉండి పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగితే ఒళ్లు ఎముకల నుంచి కాల్షియం తీసుకుంటోందని అర్థం, మోతాదు పెంచాలి.

బైపాస్ వాళ్ల పర్సులో ఒక చీటీ ఉండాలి: ఏ శస్త్రచికిత్స, ఏ సంవత్సరం, నొప్పి మాత్రల్లో ఏవి వద్దు. బరువు బాగా తగ్గాక, ఏళ్ల తర్వాత కూడా, పొట్ట లోపలి సందుల్లోకి పేగు దూరి మెలిపడవచ్చు. వచ్చీ పోయీ తీవ్రంగా ఉండే పొట్టనొప్పి దాని గుర్తు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా నొప్పి తగ్గకపోతే బేరియాట్రిక్ (బరువు తగ్గించే శస్త్రచికిత్సలు చేసే) సర్జన్‌కు చూపించమని ఆ చీటీలో రాసి పెట్టుకోండి.